కొత్త నాటకానికీ ఒక వన్స్‌మోర్

అందరికీ నమస్కారం. అద్దె కిరీటాలకూ గదలకూ కర్నూల్లోని మన షాపుకు వచ్చే నాటక సమాజాల వాళ్ళకు, పై హాల్లో కొత్త నాటకాలు చూడటానికి వచ్చేవాళ్ళకు కలిపి ఒకే ఉత్తరం రాస్తున్నాను. ఇద్దరికీ బాకీ పడ్డాను, అందుకని.

ముందు హాలు బాకీ. పోయిన దసరాకు ఏడాది పాసు అమ్మేటప్పుడు నెలకో కొత్త నాటకం, కొత్తగా రాసేవాళ్ళవే ఆడిస్తామని చెప్పాను. పన్నెండు నాటకాలు, 1,200 రూపాయలు. 62 మంది కొన్నారు. మళ్ళీ దసరా వచ్చేస్తోంది. ఆడించింది ఏడే. మిగతా ఐదింటికి తలా 500 వెనక్కి ఇస్తున్నాను. వచ్చే ఏడాది లెక్కలో కలుపుకోండని అడగబోయి, చీటీల వాళ్ళు చెప్పే మాటలా ఉందని మానుకున్నాను. షాపుకొచ్చి తీసుకున్నా సరే, ఫోన్‌పే నంబరు చెప్పినా సరే. అందరికీ ఒకేసారి ఇచ్చే స్తోమత లేదు. దీపావళి లోపల ఇచ్చేస్తాను, అడిగినవాళ్ళకు ముందు.

రెండో బాకీ సమాజాల వాళ్ళకు. శివరాత్రి రాత్రి జరిగింది మీలో చాలామందికి తెలిసే ఉంటుంది, తెలిసి నవ్వుకునే ఉంటారు. ఆలూరు వైపు ఒక ఊళ్ళో కురుక్షేత్రం, పత్తికొండ వైపు ఇంకో ఊళ్ళో హరిశ్చంద్ర. పెట్టెలు తారుమారయ్యాయి. కాటికాపరికి నెమలిపింఛం పోయింది, కృష్ణుడికి గొంగడి, కర్ర పోయాయి. రాత్రి పదకొండుకు ఫోను. "ఏమ్మా, మా కృష్ణుడు రాయబారానికొచ్చినాడా, కాటికి పోయినాడా?" పాపం ఆయన నెత్తికి పట్టు కండువా చుట్టుకుని రాయబారం సీను నడిపించాడట. జనం ఏమీ అనలేదు, పద్యానికి వన్స్‌మోర్ కూడా కొట్టారట. అది ఆయన గొంతు గొప్పతనం, మా షాపు గొప్పతనం కాదు. ఇద్దరి అద్దె డబ్బూ తిరిగిచ్చేశాను.

అట్లా ఎందుకయిందో కూడా చెప్పాలి. 2009 అక్టోబరు వరదలో కర్నూలు మునిగినప్పుడు పాతబస్తీలో మా షాపు కూడా నీళ్ళలోనే ఉంది. మా నాయన బురదలోంచి కిరీటాలు ఏరి, కడిగి, మిద్దె మీద ఆరబెట్టాడు. భుజకీర్తుల అట్టలు నాని పాయసమయ్యాయి. ఆ తర్వాత అప్పుచేసి పైన ఒక హాలు వేయించి, పెట్టెలన్నీ పైకెక్కించాడు. ఆ హాలునే నేను తొంభై కుర్చీలేసి నాటకాలకు మార్చాను. పెట్టెలు మళ్ళీ కిందికొచ్చి, మెట్ల కింద ఒకటి, బాత్రూం పక్కన రెండు, ఇట్లా చెదిరిపోయాయి. పైగా శివరాత్రి ముందు వారమంతా నేను రిహార్సల్లో కూర్చున్నాను. నాయన ఉంటే పెట్టె తెరిచి చూడకుండా ఆటో ఎక్కించేవాడు కాదు. ఇకమీదట శివరాత్రి నెలలో పై హాలు మూత. ఆ నెల మీది.

ఇక డబ్బు లెక్క. ఏడు నాటకాలకు, ఎనిమిది ప్రదర్శనలకు అయిన ఖర్చు 1,31,000. పాసుల మీద 74,400, విడి టికెట్లు 112 తెగితే 13,440 వచ్చింది. నష్టం 43,160. ఇప్పుడు వెనక్కిచ్చే 31,000 కలిపితే 74,160. ఇదంతా కిరీటాల అద్దెలోంచే పూడ్చాను, పూడుస్తున్నాను. అంటే సమాజాల వాళ్ళు తెలియకుండానే కొత్త నాటకాలకు చందా ఇచ్చారు. కోప్పడకండి.

ఈ లెక్క రాసుకుంటుంటే ఒకచోట నాకే సిగ్గేసింది. నాటకానికి జనరేటరు బాడుగ 2,500. రచయితకు ఇచ్చింది 2,000.

జనరేటరు ఎందుకొచ్చిందంటే, డిసెంబరులో ఆడిన మూడో నాటకం వల్ల. కోసిగి వైపు పల్లె నుంచి వచ్చి ఇక్కడ డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయి రాసిన సుగ్గి నాటకం అది. ఈ జిల్లా బయటివాళ్ళెవరైనా చదువుతుంటే వాళ్ళకోసం చెప్తున్నాను. పంట లేని నెలల్లో మన పడమటి పల్లెల జనం మూటాముల్లే కట్టుకుని గుంటూరు వైపు మిరపకాయ కోతలకు పోతారు, దాన్ని సుగ్గికి పోవడం అంటాం. ఆమె నాటకంలో మొగుడూ పెళ్ళాం సుగ్గికి పోతూ ఇద్దరు పిల్లలను అవ్వ దగ్గర వదులుతారు. పోయేముందు తల్లి ఇంటికి తాళం వేసి, తాళంచెవి అవ్వ చేతిలో పెడుతుంది. ఆ తాళం మీద నాలుగు నిమిషాల మాటలు. బాగా రాసింది. రిహార్సల్లో వింటూ నేను కళ్ళు తుడుచుకున్నాను.

తొలిరోజు 53 మంది వచ్చారు. నలభయ్యో నిమిషంలో కరెంటు పోయింది. అప్పటికి మాకు జనరేటరు లేదు. సెల్‌ఫోన్ లైట్లలో ఆడేస్తామని పిల్లలన్నారు కానీ, పక్కవీధి పెళ్ళి బ్యాండు మాత్రం ఆగలేదు. అరగంట చీకట్లో కూర్చున్నాం. ఆ చీకట్లో మా హాలు ఊడ్చే అక్క, తను నాలుగేళ్ళు సుగ్గికి పోయొచ్చిన మనిషి, ఆ అమ్మాయిని పిలిచి అడిగింది:

"అవ్వ లోపల్నే ఉంటాది గదమ్మా, తాళమెందుకు? మేము పోయేటప్పుడు మా అత్తకు రేషన్ కార్డు ఇచ్చిపోయినా. అది గూడా ఊరికే ఇయ్యలే. బియ్యం పిల్లలకే పెట్టాల, అమ్ముకోవద్దు అని మూడుసార్లు చెప్పి ఇచ్చినా. మళ్ళీ మా అత్త వేలు మిషన్లో పడదు. పనిచేసి చేసి వేళ్ళు అరిగిపోయినాయి."

అమ్మాయి ఏమీ మాట్లాడలేదు. తను హాస్టల్లో ఉండి చదువుకుంది. సెలవులకు ఊరికి పోయినప్పుడల్లా చూసింది తాళాలు వేసిన వీధినే. ఆమె రాసింది అబద్ధం కాదు, కానీ ఆ ఇంటిది కాదు.

కరెంటు ఎంతకీ రాలేదు. వచ్చే ఆదివారం మొదట్నుంచీ మళ్ళీ ఆడతాం, డబ్బులక్కర్లేదు రండి అని పంపించేశాను. మనసులో బాడుగలు లెక్కేసుకుంటూ తిట్టుకున్నాను కూడా.

ఆదివారానికి నాటకం మారిపోయింది. తాళం లేదు, నాలుగు నిమిషాల మాటలూ లేవు. తల్లి ప్లాస్టిక్ కవర్లోంచి కార్డు తీసి అత్తకిస్తుంది, వెనక్కి తీసుకుంటుంది, మళ్ళీ ఇస్తుంది. తర్వాతి సీన్లో అవ్వ మిషను మీద బొటనవేలు పెడుతుంది. మిషను అంటే మా అట్టపెట్టె, శబ్దం డీలరు వేషం కట్టిన కుర్రాడు నోటితోనే చేశాడు. పడలేదు. కొంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టింది. పడలేదు. ఉమ్ము తడి చేసుకుని పెట్టింది. నాలుగోసారి డీలరు "రేపు రా అవ్వా" అన్నాడు. స్విచ్‌బోర్డు దగ్గర నిలబడ్డ నాకు ఫ్యాన్ల శబ్దం తప్ప ఏమీ వినపడలేదు. ఆరోజు 84 మంది ఉన్నారు, అందులో 31 మంది తొలిరోజు చూసి మళ్ళీ వచ్చినవాళ్ళు.

నేను చెప్పాలనుకున్నది ఇదే. ఆ నాటకానికి రెండో రోజు దొరికింది కరెంటు పోయినందువల్ల. మిగతా ఆరింటికి కరెంటు పోలేదు. అవి ఒక్కో రాత్రి ఆడి, చప్పట్లు కొట్టించుకుని, ఫొటోలు దిగి అయిపోయాయి. ఎక్కడ కుంటుతున్నాయో రాసినవాళ్ళకు ఆ రాత్రే తెలిసింది, దిద్దుకునే అవకాశం మాత్రం లేదు. నెలకొకటి అని నేను పెట్టిన లెక్కే దానికి కారణం. పురుడు పోసి, స్నానమన్నా కాకుండానే పంపించేశాను.

నాటక పరిషత్తులు పెట్టే పోటీలకు రాయడం అలవాటైన పిల్లలకు ఇది మరీ ఇబ్బంది. అక్కడ గంట అటూ ఇటుగా నాటిక, ఎదురుగా న్యాయనిర్ణేతలు, అదే రాత్రి తేలిపోవాలి. ఆ పోటీల వల్లే తెలుగులో నాటిక బతికి ఉందని నేను కూడా అంటాను. కానీ ఆ కొలతకు రాసిన నాటకంలో ఇరవై నిమిషాలకొక మలుపు, చివర్లో ఒక ఉపన్యాసం తప్పకుండా ఉంటాయి. మనవాళ్ళు ఏడింటిలో నాలుగు అట్లాగే రాసుకొచ్చారు.

పాత నాటకాలు మాత్రం ఒక్క రాత్రిలో అయినవా? కన్యాశుల్కం 1892లో విజయనగరంలో ఆడారు, 1897లో అచ్చయింది, గురజాడ దాన్ని బాగా తిరగరాసి పెంచింది 1909లో. ఇవాళ మనం చదివేది ఆ రెండోదే. మన షాపుకు వచ్చేవాళ్ళకు ఇంకా దగ్గరి ఉదాహరణ హరిశ్చంద్ర. కాటి సీన్లో జనం వన్స్‌మోర్ కొట్టే పద్యాల్లో జాషువా రాసిన ‘శ్మశానవాటి’ ఖండికలోవి ఉన్నాయి కదా. అవి హరిశ్చంద్ర నాటకం రాసిన బలిజేపల్లి లక్ష్మీకాంతం గారివి కావు, ఆడుతూ ఆడుతూ నటులు తెచ్చి కలుపుకున్నవి. ధర్మవరం రామకృష్ణమాచార్యులుకు బళ్ళారిలో సొంత సమాజమే ఉండేది. రాసింది రాసినట్టు ఆడించి చూసుకునే వీలుండేది. మేనల్లుడు బళ్ళారి రాఘవ లాంటి నటుడు చేతికందడం వేరే అదృష్టం. సభల్లో ఈ పేర్లు చెప్పి చప్పట్లు కొడతాం. కోసిగి పిల్లకు మాత్రం ఒక్క ఆదివారం ఇస్తాం.

అందుకని ఈ దసరా నుంచి పద్ధతి మారుస్తున్నాను. ఏడాదికి నాలుగే కొత్త నాటకాలు. ఒక్కోటి నాలుగుసార్లు: ఒక శని ఆదివారాలు, మధ్యలో ఒక వారం ఖాళీ, మళ్ళీ శని ఆదివారాలు. ఆ ఖాళీ వారం రచయితది, తిరగరాసుకోవడానికి. టికెట్టు 120 నుంచి 150 చేస్తున్నాను. అదే టికెట్టు ముక్క తెస్తే రెండో విడత ఊరికే చూడొచ్చు, పారేయకండి. (జీఎస్టీ వేస్తారా అని ఒక సార్ అడిగారు. నాటకం టికెట్టు 500 దాటితేనే ఆ గొడవ అని మా ఆడిటరు చెప్పాడు. 500 టికెట్టు పెట్టే రోజు మనకు రావాలి గానీ.)

రచయితకు రిహార్సల్ మొదలైన రోజే 5,000, ఆపైన టికెట్లలో పదోవంతు. వేరే ఊళ్ళో ఎవరైనా టికెట్టు పెట్టి ఆడాలనుకుంటే నన్ను కాదు, రాసినవాళ్ళను అడగాలి. హక్కు వాళ్ళదే, కాగితం మీద రాసిస్తాను.

ఫ్రీ పాసులు ఇకమీద లేవు. ముందు వరుసలో పేర్లు అంటించి ఖాళీగా ఉంచిన కుర్చీలు వెనకాల నిలబడ్డవాళ్ళకే బాగా కనపడ్డాయి.

ఇంకో తప్పు కూడా చెప్పేస్తాను. ఐదో నాటకం, అన్నదమ్ములు బోరుబావి పంచుకునేది. చివర్లో పద్యం లేకపోతే మన జనం లేచి పోతారని భయపడి, ఆ అబ్బాయి వద్దంటున్నా పట్టుబట్టి ఒకటి పెట్టించాను. ఆళ్ళగడ్డ నుంచి వచ్చిన పెద్దాయన మెట్లు దిగుతూ, "పద్యం బాగుందిమ్మా. యాడ్నించి ఊడిపడిందో తెలీలేదు" అన్నాడు. ఆ అబ్బాయి నెల రోజులు నా ఫోను ఎత్తలేదు. ఇప్పుడు ఎత్తుతున్నాడు. ఈ దసరాకు మొదట ఆడేది అదే నాటకం, పద్యం తీసేసి, అతను తిరగరాసింది. నేను ఇంకా చదవలేదు, కావాలనే.

కొత్తగా రాస్తున్నవాళ్ళకు: గురువారాలు సాయంత్రం హాల్లో చదివి వినిపించుకోవచ్చు, అచ్చుకొట్టించి తేనక్కర్లేదు, నోటుబుక్కు చాలు. రామాయణం తిరగేసి రాసినవి ఇప్పటికే నా దగ్గర పద్నాలుగు ఉన్నాయి, కొన్నాళ్ళు ఆగండి. చదివేటప్పుడు మా హాలు ఊడ్చే అక్క కూడా కూర్చుంటుంది. గురువారాలకు ఆమెకు వేరే కూలి ఇస్తున్నాను.

సమాజాల వాళ్ళకు: ఇకమీద ప్రతి పెట్టె మీద నాటకం పేరు, ఊరి పేరు రంగుతో రాసి ఉంటుంది. ఆటో ఎక్కేముందు మీ మనిషి ఎదురుగానే తెరిచి చూపిస్తాం. ఆలూరు వైపు కృష్ణుడికి ఈసారి అద్దె లేకుండా కొత్త కిరీటం పంపిస్తున్నాను, పింఛం కూడా మార్పించాను.

హాల్లో నాలుగు ఫ్యాన్లు ఉన్నాయి. రెండు బాగా మోత చేస్తాయి, నాటకం సేపు అవి ఆపేస్తాం. కిటికీ వైపు కుర్చీలు కావాలంటే ఆరింటికల్లా రండి, లేదంటే విసనకర్ర తెచ్చుకోండి.