స్టూడియో క్లాసు మొదటి వారం: కొత్తవాళ్లకు

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, సోమవారం నుంచి డ్రాయింగ్ క్లాసు మొదలు. ఖరీదైన సెట్లు కొనకండి. హెచ్‌బీ, 2బీ, 6బీ పెన్సిళ్లు, ఒక స్కెచ్‌బుక్, మెత్తటి పుట్టీ రబ్బరు చాలు. బీ ముందు అంకె పెరిగేకొద్దీ గీత నల్లగా పడుతుంది. పుట్టీ రబ్బరుతో రుద్దకండి, అద్ది తీయండి.

"నాకు బొమ్మలు రావన్నా" అని ముగ్గురు మెసేజ్ పెట్టారు. టెన్షన్ పడకండి. ముందు నేర్చుకోవాల్సింది చూడటం. ఇంట్లో స్టీలు చెంబును కిటికీ పక్కన పెట్టండి. కళ్లు సగం మూసి చూస్తే వెలుగు, నీడ విడివిడిగా తెలుస్తాయి. చెంబు మూతి గుండ్రమని మనకు తెలుసు కదా, అందుకే చెయ్యి గుండ్రంగానే గీసేస్తుంది. కానీ పక్క నుంచి కంటికి కనిపించేది సన్నటి కోలాకారం. ఫస్టియర్‌లో నాకు ఈ ఒక్కటి పట్టుబడటానికి నెల పట్టింది. కనిపించిందే గీయండి.

ఆదివారం పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి వెళ్దాం. గర్భగుడిలో పగలంతా స్తంభం నీడ కదలకుండా నిలిచే గుడి అది. నీడలు గీయడానికి మన నల్గొండలో అంతకన్నా మంచి చోటు నాకు తెలియదు. మండపంలో ఒక్క స్తంభం ఎంచుకుని గంటసేపు గీద్దాం. పొద్దున 7కల్లా బస్టాండ్ దగ్గరికి రండి. అట్ట, క్లిప్పులు, నీళ్ల బాటిల్ మర్చిపోకండి.