కార్యదర్శి వార్షిక నివేదిక: మన పని గురించి మనం మాట్లాడటం

సర్వసభ్య సమావేశానికి వచ్చిన సభ్యులందరికీ కార్యవర్గం తరఫున నమస్కారం.

సంఘం ఆశయాలు మీకు తెలిసినవే కనుక నేరుగా చేసిన పనిలోకి వస్తాను. గత సమావేశంలో మీరు చేసిన తీర్మానం ప్రకారం ఈ ఏడాదంతా ఒకే అంశం పట్టుకున్నాం: చేసిన పనిని నలుగురి ముందు నిలబడి చెప్పగలగడం. డిజైనర్లు, చిత్రకారులు, ఫొటోగ్రాఫర్లు, ఆర్కిటెక్టులు, ప్రకటనల రచయితలు అందరూ ఉన్న సంఘం మనది. పనిలో ఎవరికీ తీసిపోము. క్లయింటు ఎదుట మాత్రం చాలామందికి గొంతు పెగలదు. మంచి డిజైను చెప్పుకోలేక చేజారిన అనుభవం మనలో దాదాపు అందరికీ ఉంది.

నెలకు రెండు సాధన సమావేశాలు జరిపాం. మొదటి రోజుల్లోనే ఒక సంగతి బయటపడింది. లేచిన ప్రతివారూ క్షమాపణతో మొదలుపెడుతున్నారు. "ఇంకా పూర్తి కాలేదు", "మీకు నచ్చుతుందో లేదో", "సమయం చాలలేదు". ఆ తర్వాత స్లైడు మీద ఉన్నదే చదువుతున్నారు. "ఇక్కడ నీలం వాడాను" అంటారు. నీలం ఎదుటివారికి కనబడుతూనే ఉంది, ఎందుకు వాడారో వారికి తెలియాలి. అందుకే మొదటి మాట క్లయింటు సమస్య గురించి, రెండో మాట మన నిర్ణయం గురించి, రంగులూ అక్షరాలూ ఆ తర్వాతే అని నియమం పెట్టుకున్నాం. 1986లో అమెరికన్ గ్రాఫిక్ డిజైనర్ పాల్ రాండ్, స్టీవ్ జాబ్స్ స్థాపించిన నెక్స్ట్ కంప్యూటర్ కంపెనీకి ఒకే ఒక్క లోగో ఇచ్చి, దాన్ని ఎలా చేరుకున్నారో మెట్టుమెట్టుగా చూపే చిన్న పుస్తకం జతచేసిన సంగతి మీద ఒక సాయంత్రమంతా చర్చించాం. ఒకే నమూనా ఇచ్చే ధైర్యం అందరికీ కుదరకపోవచ్చు, ఆలోచన నడిచిన దారిని చూపించడం ఎవరికైనా సాధ్యమే.

అభిప్రాయాలు చెప్పే తీరునూ మార్చుకున్నాం. నృత్యదర్శకురాలు లిజ్ లెర్మన్ రూపొందించిన నాలుగు మెట్ల పద్ధతి తీసుకున్నాం: ముందు పనిలో మనసుకు తాకినది చెప్పాలి, తర్వాత పని చేసినవారు ప్రశ్నలు అడగాలి, ఆపైన చూసినవారు ఏ తీర్పూ దాగని ప్రశ్నలు వేయాలి, చివరగా అనుమతి అడిగి అభిప్రాయం చెప్పాలి. దీనితో మాటల్లోని పదును తగ్గలేదు, నొప్పి తగ్గింది.

ఒక పొరపాటు కూడా నమోదు చేయాలి. అతిథిగా వచ్చిన ఒక శిక్షకుడు, ప్రసంగంలో మాటల విలువ 7 శాతమేనని చెప్పి వెళ్లారు. ఆ లెక్కకు మూలమైన మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ మెహ్రాబియన్ ప్రయోగాలు ఇష్టాయిష్టాలు ఎదుటివారికి ఎలా అందుతాయన్న దానికే పరిమితం, ప్రతి ప్రసంగానికీ ఆ లెక్క వర్తించదు. తర్వాతి సమావేశంలో దాన్ని సరిదిద్దాం.

ఇక ఈ ఏడాది మనం గర్వపడే కార్యక్రమం ఇరవై స్లైడుల సాయంత్రం. 2003లో టోక్యోలో ఆర్కిటెక్టులు ఆస్ట్రిడ్ క్లైన్, మార్క్ డైథమ్ మొదలుపెట్టిన పెచకుచ పద్ధతి ఇది. 20 స్లైడులు, ఒక్కొక్కటి 20 సెకన్లు, మొత్తం 6 నిమిషాల 40 సెకన్లు. స్లైడు తనంతట తానే మారిపోతుంది, మాట్లాడేవారి కోసం ఆగదు. ఎన్నేళ్లుగానో బొమ్మలు ఈమెయిలులో పంపి ఊరుకునే మన చిత్రకారిణి ఒకరు ఆ రోజు వేదిక ఎక్కారు. చేతిలో కాగితం వణికింది. నాలుగో స్లైడుకు కాగితం బల్ల మీద పెట్టేశారు. తెర మీద పెన్సిలుతో గీసిన ఒక ముసలి చెయ్యి. "దీన్ని ఆరుసార్లు గీశాను. అయిదుసార్లు చెయ్యి వచ్చింది. ఆరోసారి అవ్వ వచ్చింది" అన్నారు. ఇంకా కొన్ని సెకన్లు మిగిలే ఉన్నాయి. ఆవిడ వాటిని మాటలతో నింపలేదు. స్లైడు మారేదాకా సభంతా ఆ చెయ్యినే చూసింది. ఏడాది సాధనకు ఫలితం ఏమిటని అడిగేవారికి నేను ఆ క్షణాన్నే చూపిస్తాను.

ఆ సాయంత్రం నిలబడింది కొద్దిమంది కష్టం మీద. ప్రొజెక్టర్ తెచ్చి, తీగలు సర్ది, చివరి కుర్చీ మడిచేదాకా ఉన్న సంయుక్త కార్యదర్శికి, ఆహ్వానపత్రాలు గీసిన యువ సభ్యులకు, ప్రతి వక్త స్లైడులనూ ముందుగానే చూసి, వెనుక వరుసకు కనబడని చిన్న అక్షరాలను పెద్దవి చేయించిన ఇద్దరు డిజైనర్లకు హృదయపూర్వక కృతజ్ఞతలు. సాయం చేస్తామని పేర్లిచ్చి రానివారి గురించి కూడా చెప్పక తప్పదు. సమయం చూడాల్సిన సభ్యుడు రాకపోతే గడియారం నేను పట్టుకున్నాను, అందుకే వక్తలకు ఇస్తానన్న లిఖిత అభిప్రాయాలు ఇవ్వలేకపోయాను. వారికి నా క్షమాపణ. మార్గదర్శకులుగా ఉంటామన్న సీనియర్లలో సగం మంది ఒక్క సమావేశానికీ రాలేదు. సభామందిరం కార్యాలయానికి మూడు ఉత్తరాలు రాసినా తాళంచెవి ఆలస్యంగానే అందింది, సభికులు అరగంట బయట నిలబడ్డారు.

జమాఖర్చులను కోశాధికారి సమర్పించారు, ఆడిటరు పరిశీలించారు. పట్టిక చివరి పేజీలో ఉంది. ఆమోదించవలసిందిగా కోరుతున్నాను.

వచ్చే ఏడాది సాధన సమావేశాలకు సమయం చూసేవారు ఇద్దరు, అభిప్రాయాలు రాసిపెట్టేవారు ఇద్దరు కావాలి. రిజిస్టరు ద్వారం దగ్గర ఉంది. తప్పక రాగలిగినవారే పేరు రాయండి.

ఇట్లు,
కార్యదర్శి