ఎలుక మీద ప్రయోగమైతే హెడ్డింగ్‌లోనే చెప్పండి

సంపాదకుడు గారికి,

పోయిన ఆదివారం మీ పేపర్లో 'అల్జీమర్స్‌కు చెక్' అన్న హెడ్డింగ్ చూసి మా చెల్లి పొద్దున్నే ఫోన్ చేసింది, "అక్కా, అమ్మకి మందొచ్చేసిందట!" అని. అమ్మకి ఈ జబ్బని తేలి నాలుగేళ్లు. కాఫీ గ్లాసు చేతిలో పెట్టుకునే, ఇంకా కాఫీ ఇవ్వలేదేమని అడుగుతుంది. కళ్లజోడు పెట్టుకుని ఆ వార్త చివరిదాకా చదివితే, ఆఖరి పేరాలో ఉంది, ప్రయోగం చేసింది ఎలుకల మీదని. ఆ మాట చెల్లికి మళ్లీ ఫోన్ చేసి చెప్పాల్సింది నేను.

ఎలుకల మీద ప్రయోగాలు వద్దని నేననను. కానీ మామూలు ఎలుకకి అసలు అల్జీమర్స్ రాదండీ. కొన్ని కుటుంబాల్లో చిన్న వయసులోనే ఈ జబ్బు తెచ్చే అరుదైన జన్యులోపం ఉంటుంది, ఎక్కువగా దాన్నే ఎలుకలో పెట్టి దాని మెదడులో అమిలాయిడ్ (ఈ జబ్బున్నవాళ్ల మెదడులో గడ్డకట్టే ఒక ప్రొటీన్) పేరుకునేలా చేస్తారు. 1990ల నుంచీ ఇదే పద్ధతి. తర్వాత రంగు కలిపిన నీళ్లతొట్టిలో వదులుతారు, నీళ్ల కింద కనపడకుండా చిన్న పీటలాంటిది ఉంటుంది, దాన్ని ఎన్ని సెకన్లలో వెతికి పట్టుకుందన్నది లెక్క. మందు వేశాక తొందరగా ఎక్కితే జ్ఞాపకశక్తి మెరుగైనట్టు. మా అమ్మ బాత్రూమ్‌కని లేచి వంటింట్లోకి వెళ్లి నిలబడుతుంది. ఆవిడకి 76 ఏళ్లు, బీపీ, షుగరు, ఒక చెవి వినపడదు. ఆ ఎలుకకి చాలాసార్లు ఏడాది కూడా నిండదు.

1999లో ఒక టీకాతో ఎలుకల మెదడులో ఆ అమిలాయిడ్ బాగా తగ్గింది. మనుషుల్లో సుమారు 300 మందికి ఇస్తే 18 మందికి మెదడు వాచింది, 2002లో ఆపేశారు. 2002 నుంచి 2012 వరకు మనుషుల మీద పరీక్షించిన అల్జీమర్స్ మందుల్లో 99.6 శాతం ఫెయిల్. అలాగని ఎలుకల శ్రమంతా వృథా అనలేం, అదే దారిలో పోయి పోయి 2023లో అమెరికాలో లెకానెమాబ్ అనే అల్జీమర్స్ మందుకు పూర్తి అనుమతి వచ్చింది. అదైనా తొలిదశ వాళ్లకే, 18 నెలల్లో జబ్బు ముదరడం 27 శాతం నెమ్మదించింది, అంతే. పోయిన జ్ఞాపకం తిరిగి రాదు. మా అమ్మ ఆ దశ ఎప్పుడో దాటేసింది.

తప్పంతా మీదే అనను. పరిశోధకులే తమ పరిశోధనా వ్యాసం టైటిల్లో ఎలుక మాట ఎత్తకపోతే వార్తల హెడ్డింగుల్లోనూ అది ఎగిరిపోతోందని 2021లో ఒక అధ్యయనం తేల్చింది, అలాంటి వాటికే ట్విట్టర్‌లో షేర్లు కూడా ఎక్కువట. కానీ మా ఇంటికొచ్చేది వాళ్ల జర్నల్ కాదు కదా, మీ పేపరే.

అందుకే అడుగుతున్నా, ఇకమీదట 'ఎలుకల్లో' అని హెడ్డింగ్‌లోనే వేయండి. నాలుగక్షరాలే. చోటు చాలకపోతే ఆ 'చెక్' తీసేయండి.

— ఒక పాఠకురాలు, తెనాలి