ఆరు రిపీట్లు రాని నాలుగు మీటర్ల బట్ట గురించి ఫిర్యాదు

వినియోగదారుల సేవా విభాగం అధికారి గారికి,

విషయం: కెలైడోస్కోప్ క్విల్ట్ (ముక్కలు కలిపి కుట్టే బొంత) కోసం తెప్పించుకున్న అచ్చు బట్టను రెండు ముక్కలుగా పంపడం, డిజైన్ రిపీట్ (డిజైన్ ఒకసారి పూర్తయి మళ్ళీ మొదలయ్యే దాకా ఉన్న పొడవు) కొలతల్లో తేడా ఉండడం – బట్ట మార్చి ఇవ్వవలసిందిగా విజ్ఞప్తి.

ఆర్యా,

మీ సంస్థ నుంచి నేను తెప్పించుకున్న పెద్ద పూల నూలు బట్ట, మీరే ప్రకటించిన పనికి ఉపయోగపడే స్థితిలో లేదు. ఈ సంగతి మీ సిబ్బందికి ఇదివరకే తెలియజేయగా, అడిగిన నాలుగు మీటర్లూ అందాయి కాబట్టి లోపమేమీ లేదని జవాబిచ్చారు. ఆ జవాబును నేను ఎందుకు అంగీకరించలేనో వివరించడానికే ఈ లేఖ రాస్తున్నాను.

ఈ బట్ట కెలైడోస్కోప్ బ్లాకులకు, అంటే క్విల్ట్‌లో జోడించే షడ్భుజి ముక్కలకు, అనువైనదని, దీని డిజైన్ రిపీట్ 64 సెంటీమీటర్లని మీరు పేర్కొన్నారు. ఆ బ్లాకుల తయారీలో డిజైన్‌లోని ఒకే భాగం ఉన్న ఆరు పొరలను ఒకదానిపై ఒకటి సరిగ్గా పేర్చి, ఆరింటినీ కలిపి ముందు పట్టీలుగానూ, తరువాత 60 డిగ్రీల కోణంలో సమబాహు త్రిభుజాలుగానూ కోస్తారు. ఒక్కో కోతకు అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండే ఆరు త్రిభుజాలు వస్తాయి. వాటిలో ఒకే మూలను మధ్యకు తిప్పి కుడితే షడ్భుజి పూర్తయి, బట్ట మీద ఎక్కడా లేని ఒక నక్షత్రం ప్రత్యక్షమవుతుంది. మూడు మూలల్లో ఏది మధ్యకు వస్తే దాన్నిబట్టి వేరే రూపం వస్తుంది కాబట్టి, కుట్టడానికి ముందు మూడింటినీ పరచి చూసి ఎంచుకోవడంలోనే ఈ పనిలోని అసలు ఆనందం ఉంది.

1816లో డేవిడ్ బ్రూస్టర్ రూపొందించిన కెలైడోస్కోప్‌లో ఒకే బొమ్మను పలుమార్లు చూపే పని అద్దాలది. బట్టలో అద్దాలు ఉండవు; ఆ భారమంతా అచ్చు మీదే పడుతుంది. అందుకే ఈ పనికి బట్టను మీటర్లలో కాక రిపీట్లలో లెక్కిస్తారు. ఆరు రిపీట్లకు 384 సెంటీమీటర్లు కావాలి. ఒకే నాలుగు మీటర్ల ముక్కలో అవి వచ్చి, ఇంకా 16 సెంటీమీటర్లు మిగలాలి. మీరు పంపినవి 230, 170 సెంటీమీటర్ల రెండు ముక్కలు. మొదటి దానిలో మూడు, రెండో దానిలో రెండు, వెరసి ఐదు పూర్తి రిపీట్లే ఉన్నాయి, ఐదింటితో షడ్భుజి రాదు. మిగిలిన తునకలను పక్కపక్కన చేర్చి ఆరో పొరగా వాడుకుందామన్నా వీలుపడదు, ఎందుకంటే రెండు ముక్కలూ వేర్వేరు తానుల నుంచి తీసినవి. చిన్నదాని ఎరుపు స్పష్టంగా వెలిసినట్టుంది.

ముక్కల సంగతి అలా ఉంచినా, పెద్ద ముక్కలోని మూడు రిపీట్లు కూడా ఒకదానితో ఒకటి సరిపోవడం లేదు. పెద్ద పువ్వు నడుమ ఉన్న పసుపు చుక్కలో గుండుసూది గుచ్చి, మూడు పొరల్లోనూ అదే చుక్కలోంచి దిగేలా సర్దాను. అక్కడ సూది సరిగ్గానే దిగింది. అయితే అదే పొరల రెండో చివర, ఒక మొగ్గ కొన మీద గుచ్చిన సూది రెండో పొరలోనూ మొగ్గ కొననే తాకి, మూడో పొరలో మాత్రం దాన్ని తప్పి పక్కనున్న ఆకు మీద తేలింది. కొలిచి చూస్తే మొదటి రెండు రిపీట్లు 64 సెంటీమీటర్లు, మూడోది 63.2. కుట్టు కోసం వదిలే పావు అంగుళం కంటే ఈ 8 మిల్లీమీటర్ల తేడానే ఎక్కువ.

గుండ్రటి స్క్రీన్‌తో (డిజైన్ ఉన్న గొట్టం లాంటి జల్లెడతో) అచ్చు వేసేటప్పుడు రిపీట్ పొడవును ఆ స్క్రీన్ చుట్టుకొలతే నిర్ణయిస్తుందని, అది మారదని మీకు తెలియనిది కాదు. అచ్చు వేసేటప్పుడో, ఆ తరువాతి ఫినిషింగ్‌లోనో బట్ట బిగువు మారితే డిజైన్ సాగుతుంది లేదా కుంచించుకుపోతుంది. ఒకటి రెండు మిల్లీమీటర్లను నేను తప్పుపట్టను. గంజి పెట్టి ఇస్త్రీ చేసి, సూదులతో సర్దుకోవచ్చు. బట్టను కొద్దిగా లాగి సరిచేసుకోమని మీ సిబ్బంది ఇచ్చిన సలహా మాత్రం పనిని పాడుచేసేది. లాగిన బట్ట ఉతకగానే తిరిగి ముడుచుకుంటుంది. పైగా ఈ త్రిభుజాలకు కనీసం రెండు అంచులు పడుగుకూ పేకకూ ఏటవాలుగా పడి, చేయి తగిలితేనే సాగే స్థితిలో ఉంటాయి.

కాబట్టి ఒకే తాను నుంచి, మధ్యలో కోత లేకుండా, కనీసం ఆరు పూర్తి రిపీట్లున్న ముక్కను, పంపే ముందు రిపీట్లు కొలిచి చూసి, నాకు మార్చి ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. అలాంటి ముక్క మీ దగ్గర లేనట్లయితే రవాణా ఖర్చుతో సహా నా సొమ్ము వాపసు చేయండి. కెలైడోస్కోప్ పనికి అనువైనవని చెప్పే బట్టలను ఇకపై రిపీట్ల లెక్కన అమ్మే వీలు కల్పించాలని, ముక్కలుగా పంపవలసి వస్తే కొనుగోలుదారుని ముందుగా అడగాలని కూడా కోరుతున్నాను. అడిగి ఉంటే నేను వద్దనేదాన్ని, ఈ ఉత్తరాల అవసరమే ఉండేది కాదు.

రెండు ముక్కలనూ కోయకుండా, ఉతకకుండా, మీ చీటీలు తీయకుండా భద్రపరిచాను. సూదులు గుచ్చిన చోట్ల ఫొటోలు, కొలత టేపు ఆన్చి తీసిన ఫొటోలు ఈ లేఖతో జతచేస్తున్నాను. బట్టను వెనక్కి తీసుకువెళ్ళడానికి మీ మనిషి ఎప్పుడు వస్తారో రాతపూర్వకంగా తెలియజేయగలరు.

ఇట్లు,
మీ వినియోగదారు