గోకులం షెడ్డులో నేల సంగతి చూడండి: పశుసంవర్ధక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ పశుసంవర్ధక శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో ఉపాధి హామీ నిధులతో ఊరూరా గోకులం షెడ్లు అనే పశువుల కొట్టాలు లేచాయి. ఖర్చులో 90 శాతం ప్రభుత్వం పెట్టుకుని రైతు మీద 10 శాతమే వెయ్యడం రెండు మూడు సీమావులు (విదేశీ సంకర జాతి ఆవులు) ఉన్న ఇంటికి పెద్ద ఆసరా. ఆ కృతజ్ఞతతోనే ఈ లేఖ రాస్తున్నాం. షెడ్డు చూడవచ్చినవాళ్లు పైరేకులు చూస్తారు, స్తంభాలు చూస్తారు, గాడి చూస్తారు. కాళ్ల కింది నేలను మాత్రం ఎవరూ వంగి చూడరు. పాడావు రోజుకు 10 నుంచి 12 గంటలు పడుకుని నెమరు వెయ్యాలి. పసిదూడ దాదాపు 18 గంటలు పడుకునే ఉంటుంది. ఆ పడక తడిగానో జారుడుగానో ఉంటే పొదుగువాపు, గిట్టల పుళ్లు, దూడల పారుడు వెంట వస్తాయి.

ఇప్పుడు రెండు తప్పులు పక్కపక్కనే జరుగుతున్నాయి. ఒకటి, సిమెంటు నేలను ఇంటి వసారాలా నున్నగా చెయ్యడం. రెండోది స్లాట్ల నేల, అంటే పలకల మధ్య సందులు వదిలిన నేల. మేకల షెడ్లకు వాడే సందుల ప్లాస్టిక్ పలకల్నే దూడలకూ, ఆవులకూ వేసుకోమంటున్నారు అమ్మేవాళ్లు. పేడ కిందికి జారిపోతుంది, కడిగే పని తప్పుతుంది అని వాళ్ల మాట. దీన్ని సబ్సిడీలో చేర్చేముందు మా విన్నపం ఆలకించండి. పెద్ద పశువుకు ఈ జిల్లాల్లో స్లాట్లు వద్దు. దూడకు మాత్రం మొదటి రెండు నెలలు, కొలత తప్పకుండా చేయించి, పైన గడ్డి పరిచి వాడితే మేలు చేస్తాయి.

స్లాట్ల మీద పశువుల్ని పెంచడం మాంసం కోసం పశుపోషణ చేసే చల్లటి దేశాల్లో అలవాటు. ఐర్లండ్ లాంటి చోట చలికాలమంతా బీళ్లు బురదగా ఉంటాయి, పశువును నెలల తరబడి లోపలే ఉంచాలి. గడ్డి పరుపు ఖర్చు ఎక్కువ, పేడ ఎత్తే మనిషి దొరకడు. అందుకని 35, 40 మిల్లీమీటర్ల సందులున్న కాంక్రీటు దిమ్మెల మీద పశువుల్ని ఉంచి, కింద లోతైన గుంతలో పేడ, మూత్రం కలిపి నిల్వచేసి, వాతావరణం కుదిరాక ట్యాంకర్లతో పచ్చిక మీద చల్లుతారు. అక్కడా దూడల విషయంలో కట్టుబాట్లున్నాయి. యూరోపియన్ యూనియన్ 2008 నాటి నిబంధన ప్రకారం రెండు వారాల లోపు దూడ కింద పరుపు ఉండి తీరాలి. గుంపులో పెంచే 150 కిలోల లోపు దూడకు తలకు 1.5 చదరపు మీటర్ల చోటు ఇవ్వాలి. జర్మనీ కొలతలతో సహా చెప్పింది: దూడల స్లాట్లలో సందు 25 మి.మీ. దాటకూడదు, రబ్బరు తొడుగు ఉంటే 30 దాకా పోవచ్చు, కాలు ఆనే పలక వెడల్పు 80 మి.మీ. కంటే తగ్గకూడదు. పెద్ద పశువుకు సరిపోయే సందులో దూడ గిట్ట దిగబడుతుంది. కంగారుగా లాక్కుంటే కీలు తప్పుతుంది, లేదా గిట్ట పెచ్చు ఊడుతుంది. అందుకే అంత కచ్చితం.

కూలీల కొరత మన దగ్గరా ఉంది, కాదనం. కానీ మన పేడ వేరు. ఎండు వరిగడ్డి, వేరుశెనగ కట్టె తిన్న ఆవు వేసే పేడ ముద్దగా, పీచుగా ఉంటుంది. అది సందుల్లోంచి దానంతటది పడదు. ఆవు తొక్కితే కొంత దిగుతుంది, మిగతాది పలకల మీద పేరుకుని ఆరి, మళ్లీ మూత్రం పడ్డాక జిగటగా తయారవుతుంది. దాన్ని దించాలంటే నీళ్లు కొట్టాలి. వెయ్యి అడుగుల బోరు వేసినా నీరు పడని మండలాల్లో పేడ తొయ్యడానికి నీరు ఎక్కణ్ణించి తేవాలి? తెచ్చినా గుంతలో తేలేది పలచటి రొచ్చు. దాన్ని ట్రాక్టరు ట్రాలీలో మామిడి తోటకో చెరకు మడికో తోలలేం, దిబ్బగా వేసి మాగబెట్టలేం. గోబర్ గ్యాసు ఉన్న ఇంటికీ ఆ రోజు పేడను సమానంగా నీళ్లలో కలిపి పొయ్యడమే కావాలి గాని, నెలల తరబడి నిలవున్న రొచ్చుతో పనిలేదు.

ఆ గుంత ప్రాణాంతకం కూడా. నిలవ రొచ్చును కలియబెట్టగానే హైడ్రోజన్ సల్ఫైడ్ ఒక్కసారిగా పైకొస్తుంది. అది గాలికంటే బరువు. కొద్దిగా ఉన్నప్పుడు కుళ్లిన గుడ్డు వాసన కొడుతుంది. ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు, మనిషి ఊపిరి తీసుకునేలోపే పడిపోతాడు. అతన్ని లాగబోయి దిగినవాడూ పడిపోతాడు. ఐర్లండులో రొచ్చు కలియబెట్టేముందు పశువుల్ని బయటికి తోలి, తలుపులన్నీ తెరిచి, కనీసం అరగంట ఎవరూ దగ్గరికి పోకూడదని చెబుతారు. ఇంటి పక్కనే కొట్టం, కొట్టంలోనే పిల్లలు తిరిగే మన పల్లెల్లో పశువు కింద గుంత తవ్వించే పథకం ఏ పేరుతోనూ రాకూడదు.

దూడ సంగతికి వస్తే, గోకులం షెడ్డులో లోటు ఇక్కడే ఉంది. ఆవులకు వరసలున్నాయి, గాడి ఉంది, దూడకు చోటు లేదు. మూలన ఏదో కొయ్యకు కట్టేస్తే తల్లి మూత్రం పారే చోటే అది పడుకుంటుంది. అప్పటికి బొడ్డు ఇంకా ఆరి ఉండదు. తడి పట్టి బొడ్డువాపు, అక్కణ్ణించి కీళ్లవాపు. పేడ నోటికి చేరి తెల్లపారుడు, నెల దాటాక రక్తపారుడు. రక్తపారుడు తెచ్చే కాక్సీడియా అనే సూక్ష్మజీవి గుడ్లు తడి, వెచ్చదనం ఉన్న పేడలోనే పక్వమవుతాయి. పేడకూ దూడ నోటికీ మధ్య ఎడం పెంచడమే స్లాట్ల వల్ల కలిగే అసలు లాభం. ఏలికపాములు మాత్రం నేల మారిస్తే పోవు. తల్లి పాలలోనే వస్తాయి కాబట్టి నట్టల మందు పట్టాల్సిందే.

అలాంటి స్లాట్లతో నేలకు ఎత్తుగా ఉండే దూడ మంచె చేయించడం కష్టం కాదు, ఊరి వడ్రంగి చాలు. పొడవు 4 అడుగులు, వెడల్పు 3 అడుగులు. కింద నిలువునా మూడు దూలాలు, అంచుల్లో రెండు, నడుమ ఒకటి. వాటి మీద అడ్డంగా 8 సెంటీమీటర్ల వెడల్పు పలకలు, సందు 20 నుంచి 22 మి.మీ. ఈ లెక్కన 12 పలకలు పడతాయి. పలకలు అడ్డంగానే ఎందుకంటే దూడ బకెట్టు వైపు నిలువునా నడుస్తుంది. సందు కూడా నిలువునా ఉంటే గిట్ట మొన సందులోకి దిగుతుంది. కర్ర బాగా ఆరినదై ఉండాలి. పచ్చి కర్రతో చేస్తే వేసవి వచ్చేసరికి కుంచించుకుని 22 ఉన్న సందు 28 అవుతుంది. చాలా మంచెలు చెడేది ఇక్కడే. మేకులు పైకి లేచి దూడ మోకాలు చీరుతాయి, కాబట్టి కింది నుంచి మరలు బిగించాలి. మంచె కింద అడుగున్నర ఖాళీ, దాని కింద వాలు సిమెంటు. మంచెను కాళ్లకు బిగించకుండా ఇద్దరు ఎత్తి పక్కన పెట్టేలా ఉంచితే రోజూ కింద కడగొచ్చు, వారానికోసారి మంచెను ఎండబెట్టొచ్చు.

ఉత్త పలకల మీద దూడను వెయ్యకూడదు, ముఖ్యంగా మొదటి రెండు వారాలు. నాలుగు వేళ్ల మందం ఎండు వరిగడ్డి పరచాలి. గడ్డి మీద అరనిమిషం మోకాళ్లూని చూడండి. పంచె తడిస్తే గడ్డి మార్చాలి. దూడ ముక్కు ఎత్తుకు వంగి గాలి పీల్చి చూడండి. కళ్లు మండితే కింద అమ్మోనియా చేరింది, నిమ్ము రాబోతోందని అర్థం. పలమనేరు, కుప్పం వైపు చలికాలం రాత్రుళ్లు సందుల్లోంచి వచ్చే చలిగాలి దూడ పొట్టకు నేరుగా తగులుతుంది. మూడు వైపులా మంచె అడుగుదాకా గోనెపట్టలు కట్టాలి. శ్రీకాళహస్తి, తిరుపతి వైపు వేసవిలో అవే పట్టలు విప్పెయ్యాలి.

ప్లాస్టిక్ పలకల మీద మాకు పగ లేదు. సందు చిన్నది, కడగడం సులువు. కానీ తడిస్తే జారుతాయి, మేక బరువుకు చేసినవి కాబట్టి దూడ ఎదిగేకొద్దీ నడుమ వంగుతాయి. రెండు నెలలు దాటాక ఏ స్లాటూ వద్దు. ఇసుకో, గట్టి మట్టి నేలో ఇచ్చి, కప్పు కింద తలకు 2 చదరపు మీటర్లు, బయట 4 చదరపు మీటర్లు ఉండేలా గుంపుగా వదిలితే గిట్టలు సహజంగా అరుగుతాయి, కాళ్లు బలపడతాయి.

ఇక ఆవు కింది సిమెంటు. కాలువ వైపు వాలు 60కి 1 చాలు, అంటే ఐదున్నర అడుగుల నిలుపు చోటుకు ఒక అంగుళం పైచిలుకు. అంతకన్నా తక్కువైతే మూత్రం మడుగు కడుతుంది. బాగా ఎక్కువైతే నెలలు నిండిన చూడి ఆవుకు బరువంతా వెనక్కి పడి యోని బయటికి జారే ప్రమాదం. పైపూతను తాపీతో నునుపు చెయ్యకూడదు. సిమెంటు ఇంకా పచ్చిగా ఉండగా నాలుగు అంగుళాలకొకటి చొప్పున సెంటీమీటరు వెడల్పు, సెంటీమీటరు లోతు గాట్లు పెట్టాలి. ఆరిన తర్వాత గాట్ల అంచులు కత్తిలా ఉంటాయి కాబట్టి బరువైన రాయి ఈడ్చి వాటిని విరగ్గొట్టాలి. కొత్త సిమెంటు ఘాటు గిట్టను తింటుంది. నీటి తడులు పూర్తయ్యాక రెండు మూడుసార్లు రుద్ది కడిగాకే పశువును కట్టాలి. ప్రారంభోత్సవం తేదీ కోసం వారానికే ఆవును తోలి కట్టేస్తే ముందు పాడయ్యేవి దాని గిట్టలే.

నున్నటి నేల మీద అందరికన్నా ముందు పడేది అప్పుడే ఈనిన సీమావు. ఒంట్లో కాల్షియం తగ్గి కాళ్లు పట్టు తప్పి ఉంటాయి. లేవబోయి వెనక కాళ్లు రెండూ పక్కలకు జారితే తొడ కండరం చిరుగుతుంది, ఆ ఆవు మళ్లీ లేవడం కష్టం. ఈనడానికి సిమెంటూ వద్దు, స్లాట్లూ వద్దు. ఇసుక మీద గడ్డి పరిచిన మూల ఒకటి చాలు. రబ్బరు మ్యాట్లు మంచివే, కాని కింద మూత్రం చేరి మురుగుతుంది. వారానికోసారి ఎత్తి కడగలేని రైతుకు మ్యాటు ఇచ్చి ప్రయోజనం లేదు.

పుంగనూరు ఆవును గురించి విడిగా చెప్పాలి. ఎత్తు 70 నుంచి 90 సెంటీమీటర్లు, బరువు 115 నుంచి 200 కిలోలు ఉండే ఆవును సీమావు కొలతకు కట్టిన ఐదున్నర అడుగుల నిలుపులో కడితే పేడ కాలువలో పడదు, నిలుపు మీదే పడుతుంది, దాంట్లోనే పడుకుంటుంది. పొట్టి ఆవుకు పొట్టి నిలుపు కావాలి. దాని దూడ గిట్టకు 20 మి.మీ. సందు కూడా ఎక్కువే కాబట్టి స్లాట్లు అసలు వద్దు, గడ్డి పరిచిన గట్టి నేలే క్షేమం.

మంత్రి గారూ, మేము అడిగేవాటిలో చాలావరకు డబ్బు పని కాదు. అంచనా పత్రంలో నేలకు వాలు ఎంత, గాట్లు ఎలా అన్నది రెండు పంక్తులు రాయించండి. బిల్లు ఇచ్చేముందు గాడి పక్కన ఒక బిందె నీళ్లు పోయించండి. ఐదు నిమిషాల తర్వాత కాలువ చేరకుండా ఎక్కడైనా నిలిచి ఉంటే సరిచేసేదాకా బిల్లు ఆపించండి. ప్రతి షెడ్డుకూ దూడ మంచె ఒకటి (పుంగనూరు ఆవులున్న చోట తప్ప), ఈనే మూల ఒకటి చేర్పించండి. రైతు సేవా కేంద్రాల్లో పనిచేసే పశుసంవర్ధక సహాయకులకు 25 మి.మీ. మందం చెక్క ముక్క ఒకటి ఇప్పించండి. అది సందులో దూరితే ఆ మంచె దూడకు పనికిరాదు. పెద్ద పశువులకు స్లాట్ల నేల అని ఎవరు ప్రతిపాదన తెచ్చినా ముందు తిరుపతిలోని శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయంలోనూ, పలమనేరు పశు పరిశోధన కేంద్రంలోనూ ఒక వేసవి, ఒక వానాకాలం పరీక్షించి చూడమనండి. గిట్టలు, పొదుగు, నీటి వాడకం మూడూ లెక్కరాసి, ఆ లెక్క రైతుల ముందు పెట్టాకే సబ్సిడీ మాట. వచ్చే విడత షెడ్లకు అంచనాలు వేసేలోపు ఈ మార్పులు చేయిస్తే, కట్టిన నేలను మళ్లీ పగలగొట్టుకునే ఖర్చు రైతుకు తప్పుతుంది.

ఇట్లు,
చిత్తూరు, తిరుపతి జిల్లాల పాడి రైతులు, పశువైద్యులు కొందరు