మన కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక, 2025–26

సభ్యులందరికీ నమస్కారం. చవితి పందిరి, వానలకు ముందు కాలవల్లో పూడిక తీయించడం, ఆర్కే బీచ్‌లో చెత్త ఏరిన ఆదివారాలు, ఇవన్నీ మీరంతా దగ్గరుండి చేసినవే, ఖర్చుల లెక్క నోటీసు బోర్డులో పెట్టాం. ఈసారి వివరంగా చెప్పాల్సింది ఒకటే, మెయింటెనెన్స్ బిల్లులు ఎందుకు ఆలస్యమయ్యాయో, కొందరికి తప్పుగా ఎందుకు వచ్చాయో.

ఆఫీసు గదిలోని పాత కంప్యూటర్లో విండోస్ 10, ఆఫీస్ 2016 ఉండేవి. 2025 అక్టోబర్ 14తో రెండింటికీ మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆగిపోయింది. మీ ఫోన్ నంబర్లు, బాకీల వివరాలు అందులోనే ఉన్నాయి కాబట్టి సెక్యూరిటీ అప్‌డేట్లు లేకుండా నడపడం మాకు నచ్చలేదు, కమిటీలో అనుకుని కొత్త కంప్యూటర్, ఆఫీస్ 2024 తీసుకున్నాం. అక్కడే టెన్షన్ మొదలైంది. ఈమెయిల్లో పంపుకున్న బిల్లుల ఎక్సెల్ ఫైలు తెరవగానే మాక్రోలను, అంటే ఫైల్లోనే ఉండి లెక్కలు చేసే ప్రోగ్రాంను, ఆపేశామని ఎర్ర పట్టీ వచ్చింది, బయటి నుంచి వచ్చిన ఫైళ్ళకు ఇప్పుడు అలాగే చేస్తుందట. ఫైలు ప్రాపర్టీస్‌లో అన్‌బ్లాక్ చేశాక, ఈ కోడ్ 64 బిట్‌కు మార్చాలంటూ ఇంకో ఎర్రర్.

ఆ బిల్లుల ప్రోగ్రాం మన మాస్టారు సొంతంగా రాసింది, ఇన్నేళ్ళూ ఒక్క రూపాయి తేడా రానివ్వలేదు. అప్పటిది 32 బిట్ ఆఫీస్, ఇప్పుడు మామూలుగా ఇన్‌స్టాల్ అయ్యేది 64 బిట్. ప్రోగ్రాంలో విండోస్‌ను పిలిచే డిక్లేర్ లైన్లన్నిటికీ పీటీఆర్‌సేఫ్ అనే మాట చేర్చాలి. అది చేరిస్తే ఎర్రర్ పోతుంది గానీ పని అయిపోయినట్టు కాదు, మెమరీ అడ్రసులు ఇప్పుడు 8 బైట్లు, పాత కోడ్‌లో వాటిని దాచిన లాంగ్ అనే రకంలో పట్టేది 4 బైట్లే, అందుకని అడ్రసు దాచే ప్రతిచోటా లాంగ్‌పీటీఆర్ అని మార్చాలి, లేకపోతే ఎక్సెల్ ఉన్నట్టుండి మూసుకుపోవచ్చు. సభ్యుల జాబితా ఉన్న పాత యాక్సెస్ డేటాబేస్ ఫైలును చదివే జెట్ అనే డ్రైవర్‌కు 64 బిట్ రూపమే లేదు, దాని తర్వాత వచ్చిన ఏస్ డ్రైవర్‌కు మార్చాం. మాస్టారు, కాలనీలోని ఇద్దరు ఇంజనీరింగ్ పిల్లలు రాత్రుళ్ళు కూర్చుని చేశారు, వాళ్ళకు సంఘం తరఫున చేతులెత్తి నమస్కారం. 32 బిట్ ఆఫీసే వేసుకోవచ్చు కదా అని కొందరు అడిగారు. వేసుకోవచ్చు, కానీ రాసిన మనిషి పక్కన ఉన్నప్పుడే ఈ పని చేయించుకోవాలని నాకు అనిపించింది.

ఇక అసలు తప్పు. రసీదులో తేదీ ఎంచుకునే చిన్న క్యాలెండర్ 64 బిట్‌లో పనిచేయదు. దాని బదులు తేదీ టైప్ చేసే పెట్టె పెట్టాం, కొత్త కంప్యూటర్లో తేదీల పద్ధతి అమెరికాదని ఎవరం చూసుకోలేదు, దాంతో 05/01 అని కొడితే జనవరి 5 కాస్తా మే 1 అయిపోయి, సమయానికి కట్టినవాళ్ళకు కూడా ఆలస్య రుసుము పడింది. అందులో పెన్షన్ మీద బతికే పెద్దవాళ్ళున్నారు, ఒకమ్మగారు రసీదు పట్టుకుని మూడంతస్తులు దిగి వచ్చారు. క్షమించండి. ఆ రుసుము మొత్తం తీసేశాం, రోజు, నెల, సంవత్సరం విడివిడి పెట్టెలు చేశాం, పాత కంప్యూటర్‌ను పక్కనే పెట్టుకుని ఒకే నెల బిల్లులు రెండింటిలోనూ తీసి పైసలతో సహా సరిచూశాం. ఏ లైను ఎందుకు మార్చామో తెలుగులో రాసిన నోట్‌బుక్ బీరువాలో ఉంది, ఎవరైనా చూడొచ్చు.

ఇప్పటికీ మీ బిల్లులో పాత బాకీ తేడాగా కనిపిస్తే, రసీదు తీసుకుని ఏ ఆదివారమైనా ఉదయం ఆఫీసు గదికి రండి. రసీదు పోయినా రండి, బ్యాంకు పుస్తకం చూసి సరిచేస్తాం.

మీ కార్యదర్శి