కనెక్షన్ ఇవ్వలేమని చెప్పడమూ సేవలో భాగమే

సంపాదకుల వారికి నమస్కారం.

తమ ఇల్లు టవర్‌కు కూతవేటు దూరంలోనే ఉన్నా, పక్కింటికి ఇచ్చిన వైర్‌లెస్ ఇంటర్నెట్ కనెక్షన్‌ను తమకు మాత్రం ఇవ్వలేమన్నారని, ఇది పక్షపాతం కాక మరేమిటని మీ పత్రిక లేఖల శీర్షికలో ఒక పాఠకులు ఇటీవల ప్రశ్నించారు. ఆ సంస్థ నాది కాదు. దాని తరఫున మాట్లాడే అధికారమూ నాకు లేదు. అయితే అటువంటి చిన్న సంస్థనే ఏళ్ల తరబడి నడుపుతున్నవాడిని కనుక, ఆ ‘ఇవ్వలేము’ అన్న మాట వెనుక ఏముంటుందో చెప్పడం అవసరమనిపించింది. మా పనిలో టవర్ ఎక్కడం కన్నా, కేబుల్ లాగడం కన్నా, బాకీలు వసూలు చేసుకోవడం కన్నా కష్టమైనది ఇంటికి వచ్చి అడిగిన మనిషికి ఆ ఒక్క మాట చెప్పడమే. చెప్పవలసిన చోట మొహమాటపడి చెప్పలేకపోయిన సంస్థల సేవే ముందుగా పాడవుతుందని నా అనుభవం.

ముందుగా దూరం సంగతి. మావంటి సంస్థలు ఒక టవర్ వరకో ఎత్తయిన భవనం వరకో ఫైబర్ తెచ్చుకుని, అక్కడి నుంచి ఇళ్లకు ఎక్కువగా 5 గిగాహెర్ట్జ్ ప్రాంతంలోని రేడియో తరంగాల ద్వారా ఇంటర్నెట్ అందిస్తాయి. దూరం రెట్టింపైతే సిగ్నల్ 6 డెసిబెల్స్ పడిపోతుంది, అంటే నాలుగో వంతు మిగులుతుంది. ఈ లెక్క ముందే తెలుస్తుంది కనుక, దూరపు ఇంటికి కాస్త పెద్ద డిష్ బిగించి లోటు పూడ్చుకోవచ్చు. అడ్డు వచ్చిన చెట్టుకూ గోడకూ అటువంటి ముందస్తు లెక్క లేదు. చెట్టు ఆకులలో నీరుంటుంది, ఆ నీరు ఈ తరంగాలను మింగేస్తుంది; వాన పడి ఆకులు తడిస్తే ఇంకా ఎక్కువ మింగుతుంది. ఆకు రాలిన రోజుల్లో బిగించిన లింక్ (టవర్‌కూ ఇంటికీ మధ్య రేడియో బంధం) చిగురు తొడిగే నాటికి పడిపోవడం మా వృత్తిలో ఎవరిని అడిగినా చెబుతారు.

కంటికి టవర్ కనబడితే చాలుననుకోవడం కూడా పొరపాటే. రెండు యాంటెన్నాల మధ్య తరంగం గీత గీసినట్లు పోదు. మధ్యలో లావుగా, రెండు చివరలా సన్నగా ఉండే కండె ఆకారపు జాగా దానికి కావాలి. 19వ శతాబ్దపు ఫ్రెంచి భౌతిక శాస్త్రవేత్త ఫ్రెనెల్ పేరిట దీనిని ఫ్రెనెల్ జోన్ అంటారు. 5.8 గిగాహెర్ట్జ్ వద్ద 3 కిలోమీటర్ల లింక్‌కు సరిగ్గా మధ్యన ఈ కండె వ్యాసార్ధం సుమారు 6 మీటర్లుంటుంది. అందులో కనీసం 60 శాతమైనా ఖాళీగా ఉండాలన్నది లింక్ వేసేవారందరూ పాటించే లెక్క. కనుక చూపు ఏదో ఒక పిట్టగోడ అంచును రాసుకుంటూ టవర్‌ను చేరినా తరంగం సవ్యంగా చేరదు. పక్కింటి డాబా ఒక అంతస్తు ఎత్తుగా ఉన్నా, పది అడుగులు పక్కకు ఉన్నా ఈ కండెకు అడ్డు తప్పిపోవచ్చు. ఆ పాఠకుల విషయంలోనూ జరిగింది ఇదేనని నేను చూడకుండా చెప్పలేను గాని, పక్కపక్క ఇళ్లలో ఒకదానికి వచ్చి మరొకదానికి రాకపోవడంలో వింతేమీ లేదు.

ఇక్కడ సహజంగానే ఒక ప్రశ్న వస్తుంది. సిగ్నల్ బలహీనంగానైనా వస్తున్నప్పుడు, ఆ కొద్దిపాటి వేగానికే తృప్తి పడతామని వినియోగదారు స్వయంగా అంటున్నప్పుడు, ఇవ్వడానికి అభ్యంతరమేమిటి? నన్ను ఈ ప్రశ్న అడగని వారం లేదు. దీనికి సమాధానం ఆ ఒక్క ఇంటితో ముగిసేది కాదు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

టవర్ మీద ఒక్కో దిక్కుకు ఒక్కో సెక్టార్ యాంటెన్నా ఉంటుంది. కొత్త పరికరాలలో కొన్ని మినహాయింపులున్నా, ఆ యాంటెన్నా ఒక క్షణంలో ఒక ఇంటితోనే మాట్లాడగలదు. పైగా మాట్లాడడమూ వినడమూ ఒకే చానల్‌లో వంతులవారీగా సాగాలి. బిల్లు మీద మేము రాసేది ఎంబీపీఎస్ (సెకనుకు ఇన్ని మెగాబిట్లు అనే వేగం) అయినా, ఆ సెక్టార్ కిందనున్న ఇళ్లకు మేము నిజంగా పంచుతున్నది కాలాన్ని. సిగ్నల్ బాగున్న ఇంటికి రేడియో ఒక్కో సంకేతంలో 8 బిట్లను కుదించి పంపగలదు. సిగ్నల్ తగ్గినకొద్దీ తప్పులు దొర్లకుండా ఉండడానికి దానిని 2 బిట్లకు, చివరికి 1 బిట్‌కు తగ్గించుకుంటుంది. అంటే అదే సమాచారాన్ని పంపడానికి బలహీనమైన ఇంటికి అన్ని రెట్లు ఎక్కువ సమయం ఖర్చవుతుంది.

ఒక లెక్క చూడండి. ఒక సెక్టార్ కింద 100 ఎంబీపీఎస్‌తో మాట్లాడగల ఇళ్లు 20 ఉన్నాయనుకుందాం. అన్నీ ఒకేసారి డౌన్‌లోడ్ చేస్తే ఒక్కో ఇంటికి 5 ఎంబీపీఎస్ వస్తుంది. మొహమాటానికి పోయి 10 ఎంబీపీఎస్‌తో మాత్రమే మాట్లాడగల 21వ ఇంటిని చేర్చాము. అందరికీ సమానమైన సమాచారం అందాలంటే ఆ ఒక్క ఇల్లే మొత్తం కాలంలో మూడో వంతును తినేస్తుంది; సెక్టార్ మొత్తం వేగం 100 నుంచి 70కి పడిపోతుంది; మొదటి నుంచీ ఉన్న ఇళ్లకు 5 బదులు 3.3 ఎంబీపీఎస్ మిగులుతుంది. వారు చేసిన తప్పేమీ లేదు, వారి సిగ్నల్‌లో ఏ మార్పూ లేదు. పాత 802.11బి వైఫైలో ఈ లక్షణాన్ని ఫ్రాన్స్‌కు చెందిన పరిశోధకులు 2003లోనే లెక్క కట్టి చూపించారు: 11 ఎంబీపీఎస్‌తో పనిచేసే కంప్యూటర్ల మధ్య ఒక్కటి 1 ఎంబీపీఎస్‌కు దిగజారితే మిగిలినవన్నీ దాదాపు దాని స్థాయికే వచ్చి చేరతాయి. సమాచారాన్ని కాకుండా కాలాన్నే సమానంగా పంచే ఏర్పాటు ఇప్పటి పరికరాలలో ఉంది. అలా చేస్తే మిగిలిన ఇళ్లు బతికిపోతాయి గాని, రద్దీ వేళ ఆ 21వ ఇంటికి దక్కేది అర ఎంబీపీఎస్ కూడా కాదు. కొద్దిపాటి వేగానికే తృప్తి పడతామన్న వారు కూడా అప్పుడు తృప్తి పడరు, పడనక్కరలేదు కూడా.

ఇదంతా పుస్తకం చూసి చెబుతున్నది కాదు. సంస్థ పెట్టిన కొత్తలో, బాగా తెలిసినవారి మాట కాదనలేక, ఒక పెద్ద చెట్టు చాటునున్న ఇంటికి కనెక్షన్ ఇచ్చాను. బిగించిన రోజున వేగం పరీక్షించి చూపించాను కూడా. అది ఎండ కాసిన మధ్యాహ్నం, సెక్టార్ మీద ఎవరూ లేని వేళ. తర్వాత కొన్ని వారాలకు ఆ దిక్కునున్న ఇళ్ల నుంచి వరుసగా ఫిర్యాదులు మొదలయ్యాయి. నేను వెనుకనుంచి వచ్చే ఫైబర్‌ను అనుమానించాను, చానల్ మార్చాను, రూటర్ మార్చాను, చివరికి సెక్టార్ యాంటెన్నానే దింపి కొత్తది ఎక్కించాను. ఎవరెవరికి ఎంత కాలం ఖర్చవుతున్నదో చూపే పట్టిక పరికరంలోనే ఉంది. ఆ పేజీ తెరిచి చూడాలన్న బుద్ధి అన్నిటికన్నా చివర పుట్టింది. అందులో పై వరుసలో ఆ చెట్టు చాటు ఇల్లే ఉంది. వారు రోజంతా ఏదో అతిగా వాడుతున్నారని కాదు, అందరిలాగే సాయంత్రం పూట వీడియోలు చూస్తున్నారు, అంతే.

బయట నడిపే వైర్‌లెస్ సేవకూ ఇంట్లోని వైఫైకీ ఉన్న ఒక తేడాను కూడా ఇక్కడే చెప్పాలి. 1971లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ బృందం అలోహానెట్ అనే రేడియో నెట్‌వర్క్‌ను నడిపింది. ఎవరికి అవసరం వచ్చినప్పుడు వారు మాట్లాడడం, మాటలు ఢీకొంటే కాసేపాగి మళ్లీ చెప్పడం దాని పద్ధతి. ఈ పద్ధతిలో చానల్‌ను గరిష్ఠంగా 18 శాతం వరకే వాడుకోగలమని లెక్క తేలింది. ‘మాట్లాడే ముందు ఇంకెవరైనా మాట్లాడుతున్నారేమో విను’ అనే నియమంతో వైఫై ఆ చిక్కును చాలావరకు దాటింది. కాని మా చందాదారుల యాంటెన్నాలన్నీ టవర్ వైపే ముఖం పెట్టి ఉంటాయి. ఒకరి మాట మరొకరికి వినబడదు. అందరూ నిశ్శబ్దంగా ఉందనుకుని ఒకేసారి మాట్లాడతారు, టవర్‌కు రొద తప్ప ఏమీ వినబడదు. అందుకే ఈ పనికి తయారైన పరికరాలలో టవరే ఒక్కొక్కరిని పేరు పెట్టి పిలిచి వంతు ఇస్తుంది. ఇంటి కోసం అమ్మే వైఫై పెట్టెలనే టవర్ మీద పెట్టి సేవ నడిపేవారు ఇప్పటికీ కనబడుతున్నారు. పది ఇళ్ల వరకు బాగానే నడుస్తుంది, ఆ తర్వాత ఎందుకు కూలిందో వారికే అర్థం కాదు.

‘ప్యాకేజీలో రాసిన వేగం సాయంత్రం రాదు’ అన్న ఫిర్యాదులో మాత్రం న్యాయముంది. అందరూ ఒకేసారి పూర్తి వేగంతో వాడరన్న అంచనా మీద ఉన్న సామర్థ్యం కన్నా ఎక్కువ అమ్మడం పెద్ద సంస్థలూ చేసేదే, చిన్నవీ చేసేదే. అలా చేయకపోతే మామూలు ఇంటికి అందే ధరలో ఇంటర్నెట్ ఉండదు. అయితే ఎంత ఎక్కువ అన్నదే ప్రశ్న. సాయంత్రపు వాడకం సెక్టార్ సామర్థ్యంలో నాలుగింట మూడు వంతులకు చేరగానే ఆ దిక్కున కొత్త కనెక్షన్లు ఆపేయడం నేను పెట్టుకున్న నియమం. కూతవేటు దూరంలో, అడ్డేమీ లేని ఇంటికి కూడా ‘ఇవ్వలేము’ అని చెప్పవలసి వచ్చేది ఇటువంటప్పుడే. పైగా వేగం ఒక్కటే కొలత కాదు. రూటర్లలో సమాచారం క్యూ కట్టి ఆగిపోతే వేగం పరీక్షలో అంకె బాగానే ఉంటుంది, వీడియో కాల్‌లో మాత్రం మాట తెగిపోతుంది. ఈ క్యూలను అదుపు చేసే ఎఫ్‌క్యూ-కోడెల్ అనే పద్ధతి 2018లో ఇంటర్నెట్ సాంకేతిక పత్రాల వరుసలో ఆర్‌ఎఫ్‌సీ 8290గా వెలువడింది. చాలా రూటర్లలో అది అదనపు ఖర్చేమీ లేకుండా దొరుకుతుంది, సెట్ చేసుకునే ఓపిక ఉండాలి, అంతే.

మా చేతిలో లేనివీ కొన్ని ఉన్నాయి. మేము వాడే తరంగాలు చాలావరకు లైసెన్సు అవసరం లేనివి. అంటే ఎవరైనా వాడవచ్చు, ఎవరూ తమవని చెప్పుకోలేరు. 5 గిగాహెర్ట్జ్‌లో పెద్ద భాగాన్ని 2003లో జరిగిన ప్రపంచ రేడియో సదస్సు ఇటువంటి సేవలకు కేటాయించింది గాని, రాడార్లకు దారి ఇవ్వాలన్న షరతు పెట్టింది. చాలా దేశాల నిబంధనల ప్రకారం ఆ చానళ్లలో రాడార్ వినబడితే 10 సెకన్లలో ఖాళీ చేయాలి, అరగంట దాకా ఆ చానల్‌కు తిరిగి రాకూడదు. ఈ అడ్డు తప్పించుకోవడానికి పరికరంలో దేశం పేరు మార్చి పెట్టేవారు, అనుమతికి మించి పవర్ పెంచేవారు మా వృత్తిలో ఉన్నారు. వారిని వెనకేసుకు రావలసిన అవసరం నాకు లేదు. ఒకరు పవర్ పెంచితే ఆ రొదలో తమ మాట వినబడాలని పక్కవారూ పెంచుతారు. చివరికి కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్లు, అందరి లింకులూ దెబ్బతింటాయి. ఒకే ప్రాంతంలో సేవ నడిపే చిన్న సంస్థలు కూర్చుని ఎవరు ఏ చానల్ వాడాలో మాట్లాడుకుంటే ఒక్క పూటలో తేలే విషయమిది. పోటీదారులు కూర్చుని మాట్లాడుకోవడం ఎంత అరుదో వేరే చెప్పనక్కరలేదు. పిడుగులు, కరెంటు కోతలు, కనెక్టర్లలోకి దిగే వాన నీరు మా రోజువారీ కష్టాలే గాని, మంచి ఎర్తింగ్, తగిన బ్యాటరీలు, జాగ్రత్తగా చుట్టిన టేపు ఉంటే వాటిలో చాలావాటికి విరుగుడు ఉంది కనుక వాటి ప్రస్తావన ఇంతటితో వదిలేస్తున్నాను.

ఇక ఆ పాఠకులకు. ‘ఇవ్వలేము’ అన్న మాటతో సరిపెట్టుకోకుండా, ఎందుకు ఇవ్వలేరో అడగండి. అడ్డు ఉందంటే, డాబా మీద యాంటెన్నా పెట్టి చూసిన సిగ్నల్ అంకెను చూపమనండి. ఒక మూలన కాకుండా నాలుగు మూలలా చూశారేమో, ఇంకో రెండు మూడు మీటర్ల గొట్టం నిలబెడితే అడ్డు దాటుతుందేమో కనుక్కోండి. సెక్టార్ నిండిపోయిందంటే, సాయంత్రపు వాడకం గ్రాఫ్ చూపమనండి. నిజాయితీగా నడిపే సంస్థకు అది దాచవలసిన వస్తువు కాదు. ఈ రెండూ చూపకుండా ‘కుదరదు’ అని మాత్రమే అంటే మీ అనుమానానికి ఆధారం ఉన్నట్లే. అడ్డు నిజమేనని తేలితే, సిగ్నల్ బాగా వస్తున్న పక్కింటి వారు ఒప్పుకున్న పక్షంలో వారి డాబా మీది నుంచి మీ ఇంటికి మరో చానల్‌లో చిన్న లింకో, కేబులో వేయవచ్చు. రాగి కేబుల్ అయితే 100 మీటర్లు దాటకూడదు. చెట్టు చాటునున్న ఆ ఇంటికి నేను చివరికి చేసింది ఇదే. వారి వెనుక వీధిలోని మేడ మీదకు యాంటెన్నా మార్చి, అక్కడి నుంచి కేబుల్ వేశాను. ఆ కనెక్షన్ నేటికీ నడుస్తున్నది. కేబుల్‌కు అయిన ఖర్చు మాత్రం వారిని అడగలేదు, మొదటి రోజే ‘ఇవ్వలేము’ అననందుకు అది నేను కట్టుకున్న జరిమానా.

భవదీయుడు,
ఒక చిన్న వైర్‌లెస్ ఇంటర్నెట్ సంస్థ నిర్వాహకుడు